జ్ఞానరత్నం జట్టు ఏ ఊరిది

బాస్కెట్‌బాల్ ఆడినన్నాళ్ళూ తను ఎవరి తరఫున ఆడుతోందన్న ఆలోచనే జ్ఞానరత్నానికి రాలేదు. రైల్వే తరఫున ఆడింది. బనీను రైల్వేది, బూట్లు రైల్వేవి, టోర్నమెంటుకు పోయే పాసు రైల్వేది. తండ్రి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ పనివాడు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పెరిగిన ఈ పిల్ల పదో తరగతికే గుమ్మం దగ్గర తల వంచుకోవలసినంత పొడుగైంది. ఆ పొడుగే 1983లో ఆటగాళ్ళ కోటాలో టైమ్ ఆఫీసు గుమాస్తా ఉద్యోగం తెచ్చిపెట్టింది. బిలాస్‌పూర్, గోరఖ్‌పూర్, పెరంబూరు, ఎక్కడ రైల్వే పోటీలుంటే అక్కడికి వెళ్ళి ఆడింది. గెలిచిన రోజూ స్వీట్లు తిన్నారు, ఓడిన రోజూ తిన్నారు. తిరిగొచ్చి ఆఫీసుకు వెళ్ళిపోయేది. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసింది. గూడ్సు గార్డు తిమోతిని పెళ్ళాడి, సాయంత్రాలు క్వార్టర్ల వెనక సిమెంటు కోర్టులో ఆడపిల్లలకు ఆట నేర్పుతూ ఉండిపోయింది.

1998 వానాకాలంలో ఆ కోర్టుకు రోడెల్ వచ్చాడు.

అతనిది ఫిలిప్పీన్స్. వ్యవసాయ యంత్రాల మీద ఏదో చదువుకోసం ఇక్కడి ఇంజనీరింగ్ సంస్థలో ఏడాది ఉండడానికి వచ్చాడు. ఊరు చూద్దామని సైకిలు మీద పూరీ గేట్ పేట దాటి తిరుగుతుంటే, సిమెంటు మీద బంతి పడుతున్న చప్పుడు వినిపించిందట. జ్ఞానరత్నం భుజం దాకా కూడా రాడు. కానీ బంతి చేతికందిందంటే ఇక ఎవరికీ దొరికేవాడు కాదు. కొద్దిరోజుల్లోనే పిల్లలంతా అతని చుట్టూ చేరారు. అతను జ్ఞానరత్నాన్ని 'కోచ్' అని పిలిచేవాడు. ఆమెను అలా పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు.

అతని బనీను మీద ఇంగ్లీషులో 'నెగ్రోస్ స్లాషర్స్' అని ఉండేది.

"స్లాషర్స్ అంటే ఏటక్కా?" అని అడిగింది శ్యామల. ఆ పిల్లల్లో అందరికంటే బాగా ఆడేది.

"నరికేవోళ్ళు," అంది జ్ఞానరత్నం, అవునో కాదో తనకే తెలియక.

"ఓలమ్మ! మనుసుల్నా?"

రోడెల్‌కు మాటలు అర్థం కాకపోయినా వాళ్ళ ముఖాలు అర్థమయ్యాయి. వంగి, ఎడంచేత్తో ఏదో పట్టుకున్నట్టు పట్టుకుని, కుడిచేత్తో మొదలంటా నరికి చూపించాడు. పిల్లలు ఇంకాస్త వెనక్కి జరిగారు. ఆఖరికి పళ్ళతో చీల్చి, నమిలి, పిప్పి ఉమ్మినట్టు చేస్తే గాని అది చెరకని తేలలేదు. నెగ్రోస్ అతని ద్వీపం పేరు. అక్కడ ఎటుచూసినా చెరకు తోటలేనట. చెరకు నరికేవాళ్ళ పేరే జట్టుకు పెట్టుకున్నారని చెప్పాడు.

"మీ జట్టు ఏది కోచ్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"రైల్వే."

"అది మీ కంపెనీ. ఊరి జట్టు ఏదని అడుగుతున్నాను."

ఊరికి జట్టేమిటో జ్ఞానరత్నానికి అర్థం కాలేదు. రోడెల్ కోర్టు పక్కన గట్టు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. తమ దేశంలోనూ నిన్నమొన్నటిదాకా అంతేనట. డబ్బు తీసుకుని ఆడే పెద్ద జట్లన్నీ కంపెనీలవి, వాటి పేర్లు ఆ కంపెనీలు అమ్మే సరుకుల పేర్లు, ఆటలు చాలావరకు రాజధానిలోనే. ఆ ఏడాదే కొత్తగా ఇంకో లీగు మొదలైంది. అందులో ఒక్కో ప్రాంతానికీ ఒక్కో జట్టు. ఒక వారం వాళ్ళ ఊళ్ళో ఆడితే ఇంకో వారం వీళ్ళ ఊళ్ళో. జట్టులో సొంత గడ్డ మీది కుర్రాళ్ళుండాలి. నెగ్రోస్ జట్టు పుట్టి ఇంకా ఏడాది కాలేదు. "చిన్నప్పటినుంచీ సబ్బు గెలవాలనీ పాలు గెలవాలనీ అరిచాను కోచ్. ఈ ఏడు మొదటిసారి మా ఊరు గెలవాలని అరిచాను," అన్నాడు.

ఆ మాట జ్ఞానరత్నం బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. మిడ్నపూర్‌లో చలికాలం జిల్లా పోటీలు జరుగుతాయి. రైల్వే పేరు లేకుండా, ఉత్త ఖరగ్‌పూర్ అన్న పేరుతో అమ్మాయిల జట్టు పంపితే? ఊరి పక్కనున్న సాలువా పోలీసు క్యాంపునుంచి మాయా గురుంగ్ అనే గూర్ఖా పిల్లను రప్పించింది. గాలిలోకి లేస్తే కాసేపు అక్కడే ఉండిపోతుందేమో అనిపించేలా ఆడే పిల్ల. పూరీ గేట్‌నుంచి ఇద్దరు బెంగాలీ పిల్లలు వచ్చారు. రోడెల్ చెప్పిన సొంత గడ్డ నియమం జ్ఞానరత్నానికి బాగా నచ్చింది. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్ళే ఆడాలని తనూ పెట్టింది.

అక్కడే చిక్కు వచ్చి పడింది. ఎక్కడ పుట్టావని అడిగితే శ్యామల, "పలాస, మా అమ్మమ్మోరింట్లో," అంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు పిల్లల్లో సగంమంది అంతే. కాన్పుకు తల్లులు పుట్టింటికి పోతారు గదా! ఒకర్తి సోంపేట, ఒకర్తి టెక్కలి. ఖరగ్‌పూర్ తప్ప ఇంకో ఊరు సరిగా ఎరగని పిల్లలు నియమం ప్రకారం పరాయివాళ్ళయ్యారు. క్యాంపు ఎత్తేస్తే ఎప్పుడు ఎక్కడికి పోతుందో తెలియని మాయ మాత్రం ఖరగ్‌పూర్ ఆసుపత్రిలో పుట్టింది కాబట్టి ఇక్కడి పిల్ల అయింది. జ్ఞానరత్నం తన సంగతి కూడా ఆలోచించుకుంది. తను పుట్టింది ఇచ్ఛాపురంలో. నియమం పెట్టిన మనిషే నియమానికి బయట నిలబడింది. అయినా, పెట్టాక తప్పుతుందా అని శ్యామలను జట్టులోంచి తీసేసింది.

ఆ సాయంత్రమే శ్యామల తల్లి సూర్యకుమారి కొంగు బిగించి వచ్చింది.

"ఏటొదినా, నా పిల్ల ఈ ఊరిది కాదని సెప్పినావంట?"

"నాను కాదనలేదొదినా. పలాసలో పుట్టినాదని అదే సెప్పినాది."

"కడుపులో పడ్డాది ఇక్కడ. బయటికొచ్చినాది అక్కడ. మూడో నెల రాకుండానే రైలెక్కించీసి తెచ్చీసినాను. ఆ నాలుగు రోజులకీ నా పిల్ల పలాసదైపోద్దా? లెక్కెట్టు ఒదినా, ఏ లెక్క సెప్తావో సెప్పు!"

జ్ఞానరత్నం వరండాలో కూర్చుని టీ తాగుతున్న తిమోతి వైపు చూసింది.

"నన్నడగొద్దు," అన్నాడు తిమోతి. "నాను పుట్టినాది రైల్లో. బరంపురం దాటినాక, ఏ టేషనూ రాకముందు. మరి నాను ఏ ఊరోణ్ణి?"

సూర్యకుమారి కోపంలోనూ నవ్వేసింది. జ్ఞానరత్నానికి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు రోడెల్ రాగానే పట్టుకుని అడిగింది. మీ జట్టులో అందరూ నెగ్రోస్‌లో పుట్టినవాళ్ళేనా? రోడెల్ తల గోక్కున్నాడు. నియమాలున్నాయి గానీ ఎవరెక్కడ పుట్టారో తనకు తెలియదన్నాడు. తను మాత్రం అక్కడ పుట్టలేదన్నాడు. పక్క ద్వీపంనుంచి తండ్రి చెరకు మిల్లులో పనికి వస్తే వెంట వచ్చాడట.

"మరి అది నీ జట్టెలాగయింది?"

"తెలియదు కోచ్. వాళ్ళు ఓడిపోతే నాకు అన్నం సయించదు. అంతకంటే నాకూ తెలియదు."

ఆ ఏడాది చివర్లో నెగ్రోస్ జట్టు ఫైనల్‌కు వెళ్ళింది. రోడెల్ ఆట కబుర్ల కోసం సంస్థలోని కంప్యూటర్ దగ్గర కాపలా కాసినట్టు కాశాడు. తర్వాత రెండు రోజులు కోర్టుకు రాలేదు. వచ్చినప్పుడు బంతి ముట్టుకోకుండా గట్టు మీద కూర్చున్నాడు. మొట్టమొదటి కప్పు పంపాంగా అనే ప్రాంతం జట్టు పట్టుకుపోయిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. సముద్రాల అవతల ఎవరో ఓడిపోతే, ఆ ఆట కంటితో చూడని మనిషి ఇక్కడ ఏడుస్తున్నాడు. తను రైల్వేకు ఎన్ని ఆటలు ఓడిపోయినా ఒక్కసారీ కన్నీరు రాలేదెందుకో జ్ఞానరత్నానికి తెలియలేదు. తన మనసు మొద్దుదా, ఇతనిదే మరీ మెత్తనిదా? ఏం చెప్పి ఓదార్చాలో తోచక, ఇంట్లోంచి ఉప్మా తెచ్చి పెట్టింది. అతను తినలేదు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు నియమం ఎత్తేసింది. అది సరైనదని గాని తప్పని గాని తేల్చుకుని కాదు, ఇక ఆలోచించలేక. పొద్దున్నే సూర్యకుమారి ఇంటికి వెళ్ళి శ్యామలను ప్రాక్టీసుకు పంపమంది.

మిడ్నపూర్‌కు లోకల్ రైల్లో వెళ్ళారు. రైల్వే బనీన్లు వేసుకోకూడదని, పిల్లలంతా తలా ఒక పసుపు చొక్కా కుట్టించుకున్నారు. మొదటి ఆట గెలిచారు. రెండోది ఫైనల్, మిడ్నపూర్ టౌను జట్టుతో. జనం బాగా వచ్చారు. "తెలుగు టీమ్, తెలుగు టీమ్," అంటూ గేలి చేస్తున్నారు. సరిగ్గా ఆ అరుపుల మధ్యే మాయ గాలిలోకి లేచి బంతి వేసింది. గూర్ఖా పిల్ల వేస్తే తెలుగు టీమంటున్నారేమిటని జ్ఞానరత్నం బిత్తరపోయింది. ఇంతలో పూరీ గేట్ పిల్లల తండ్రులు, అన్నలు ఓ మూల లేచి నిలబడి "ఖొడొగ్‌పూర్! ఖొడొగ్‌పూర్!" అని అందుకున్నారు. సూర్యకుమారి కూడా అరిచింది, తన యాసలో "కరగపూరు!" అని. వాళ్ళ పక్కన రోడెల్ అతనికి నోరు తిరిగినట్టు అరిచాడు. ఒకే ఊరి పేరు మూడు రకాలుగా వినిపిస్తుంటే జ్ఞానరత్నం ఆట వదిలేసి అటు తిరిగింది. అంతకుముందు ఆ పేరు స్టేషన్ మైకులో తప్ప అంత గట్టిగా ఆమె ఎన్నడూ వినలేదు.

ఓడిపోయారు. చివర్లో శ్యామలకు రెండు ఫ్రీ త్రోలు దొరికితే ఒకటి రింగు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. తిరుగు రైల్లో శ్యామల మాయ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇంటికి వచ్చాక తిమోతి చేపల పులుసు వడ్డిస్తే జ్ఞానరత్నం కంచం పక్కకు జరిపింది.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాడు తిమోతి.

"బాగానే ఉన్నాది. ఏటో తెలీటం లేదు."

"రైల్వేకి ఓడిపోయినప్పుడు రెండు సార్లు వడ్డించుకునేదానివి కదే!"

"అదే నాకూ తెలీటం లేదంటన్నాను కదా!" అని కసిరింది. తర్వాత కసిరినందుకు బాధపడి, చల్లారిన పులుసుతోనే కొంచెం తింది.

వేసవిలో రోడెల్ చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. అదే నెలలో మాయ తండ్రికి సిలిగురి వైపు బదిలీ అయింది. సాలువానుంచి సామానుతో వచ్చిన పోలీసు ట్రక్కు ఓల్డ్ సెటిల్‌మెంట్ సందు దగ్గర ఆగితే, మాయ దిగి జ్ఞానరత్నం నడుం పట్టుకుని వదల్లేదు. తండ్రి రెండుసార్లు హారన్ కొట్టించాక ఎక్కింది.

జట్టు మాత్రం ఆగలేదు. ఆ చలికాలం హౌరాలో ఒక క్లబ్బు టోర్నమెంటుకు పిలుపు వచ్చింది. ఖరగ్‌పూర్‌కు మొదటి ఆట సిలిగురి జట్టుతో పడింది. ఎదుటి జట్టు వరసగా కోర్టులోకి వస్తుంటే చివర్న మాయ కనిపించింది, నీలం బనీనులో. జ్ఞానరత్నాన్ని చూసి చెయ్యి ఊపింది. జ్ఞానరత్నం చెయ్యి ఎత్తి, ఊపాలో కూడదో తెలియక సగంలో ఆపేసింది.

"అక్కా, మాయని ఎవులు కాస్తారు?" అని శ్యామల అడిగింది.

"నువ్వే. గాల్లోకి లెగనీకు."

ఆట చివరిదాకా బిగువుగా సాగింది. ఖరగ్‌పూర్ ఒక్క పాయింటు పైన ఉంది. మాయ బంతి అందుకుని శ్యామలను దాటి బోర్డు వైపు దూసుకొచ్చింది. బెంచీ దగ్గర జ్ఞానరత్నం తటాలున లేచింది. లేచాక ఏమని అరవాలో తెలియలేదు. మాయ నేల విడిచింది.

"వెయ్యే, మాయా!" అని గొంతు చించుకుని అరిచింది జ్ఞానరత్నం.

బెంచీ మీది పసుపు చొక్కాల పిల్లలంతా ఒక్కసారి తిరిగి ఆమె ముఖంలోకి చూశారు.