బకెట్ నీళ్లు పోసి చెవి పెట్టే మామ

పోయిన మంగళవారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉంటే, మా వెనక గదుల్లో కిరాయికి ఉండే ఒడిశా అమ్మాయి చంకలో పిల్లవాడితో వచ్చి తలుపు దగ్గర ఆగింది. ఆమెకు వచ్చే తెలుగు సగమే. ఆ రోజు ఆ సగం కూడా నోట్లోంచి రాలేదు. "అమ్మా, పైపు తాత... చలే గయే" అంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆమెకు పైపు తాత, మా ఊరు చిట్కుల్‌లో సగం మందికి మోరీ డాక్టర్, నాకు వరసకు మామ. మా గల్లీ చివరి ఇల్లు ఆయనది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందు రోజు కూడా ముత్తంగిలో ఎవరింటికో పనికి వెళ్లి వచ్చారని ఆయన భార్య, మా అత్తమ్మ, ఏడుస్తూ చెప్పింది.

మామ పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో పైపుల పని చేసి రిటైరయ్యారు. ఆయన తోటివాళ్లు హోటల్ ముందు బల్ల మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుతుంటే, ఈయన ఎక్కడి నుంచో ఒక కెమెరా తెచ్చుకున్నారు. బొటనవేలంత కెమెరా, దాని చుట్టూ చిన్న లైట్లు, వెనక చుట్టలు చుట్టిన పొడుగాటి కేబుల్, చూడటానికి ఒక చిన్న తెర. పాత ఇళ్లలో మోరీలు, అంటే డ్రైనేజీ పైపులు, జామైతే నేలంతా తవ్వకుండా, కెమెరాను పైపులోకి తోసి ఎక్కడ పగిలిందో, ఎక్కడ చెట్టు వేరు దూరిందో చూపించేవారు. ఆ చుట్టను స్కూటర్ ముందు పెట్టుకుని, మనవణ్ని తీసుకుపోతున్నంత జాగ్రత్తగా తీసుకుపోయేవారు.

అత్తమ్మకు మాత్రం ఆ కెమెరా సవతి. "పొద్దుగాల లేస్తే మంది ఇండ్లల్ల మోరీలు సూసుడే. మనింట్ల నల్లా నెల సంది కారుతున్నది, అది మాత్రం కండ్లవడది" అనేది. సాయంత్రం ఆయన వచ్చేసరికి వాకిట్లో వేడినీళ్లు, సబ్బు సిద్ధంగా ఉండేవి. స్నానం చేయనిదే గడప దాటనిచ్చేది కాదు. ఆయన నవ్వుతూ వాకిట్లోనే నిలబడేవారు.

ఈ వయసులో ఈ పనేంటని నేను ఒకసారి అడిగాను. కంపెనీలో ఉన్నప్పుడు తన పక్కన పనిచేసే ఆయన మురుగునీటి చాంబర్‌లోకి దిగి మళ్లీ పైకి రాలేదని చెప్పారు. "మనిషిని దింపద్దనే దీన్ని తెచ్చిన కోడలా" అన్నారు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, అది చెప్పకపోతే మామ గురించి ఏమీ చెప్పనట్టే.

మా ఇల్లు నా పెళ్లికి ముందే కట్టింది. ముందు మూడు గదులు, తర్వాత కంపెనీల్లో పనిచేసేవాళ్లకు కిరాయికి ఇద్దామని వెనక రెండు గదులు. ఏ పైపు ఎటు పోతుందో తెలిసిన పెద్దలు ఇప్పుడు లేరు. పోయిన ఏడాది వెనక గదుల బాత్రూంలో మురుగునీళ్లు పైకి తన్నడం మొదలైంది. ఒడిశా అమ్మాయి పిల్లవాడి డైపర్లు అందులో పడేస్తోందని నేను తీర్మానం చేసేశాను. కోపం వస్తే నాకు సాక్ష్యాలతో పనిలేదు. "నై అమ్మా, నేను ఎయ్యలే" అని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. నెలాఖరుకు గదులు ఖాళీ చేయమన్నాను. ఆమె భర్త నాకు ఎదురు చెప్పలేక డ్యూటీకి పోయాడు. సాయంత్రానికి వాళ్ల గిన్నెలన్నీ దుప్పట్లో మూట అయ్యాయి. పాలు తాగే పిల్లవాడితో వాళ్లు ఎక్కడికి పోతారన్న ఆలోచన నాకు రాలేదు, నిజం.

మర్నాడు నేల ఎక్కడ తవ్వాలో చెప్పమని మామను పిలిచాను. గోడకు ఆనించి పెట్టిన గడ్డపార వైపు చూసి, "తవ్వుడు తర్వాత. ముందుగాల సూడాలె. గా బిడ్డను గూడ పిలువు" అన్నారు.

"ఆమెనెందుకు మామా?"

"మోరీ ఇద్దరిది గాదా? ఇద్దరు సూడాలె."

అది ఆయన పద్ధతి. ఎవరింటికి వెళ్లినా ఇంటివాళ్లను, కిరాయివాళ్లను అందరినీ తెర ముందు నిలబెట్టాకే కెమెరా లోపలికి తోసేవారు. "పోవే తల్లీ, జెర ముందుకు పో" అని దాన్ని బతిమాలుతూ కేబుల్ వదిలేవారు. ఆ రోజు తెర మీద ముందు మురికినీళ్లు, ఒక బొద్దింక, తర్వాత పైపు అతుకు కనిపించాయి. ఆ తర్వాత బూడిద రంగులో పెద్ద గడ్డ. డైపర్ కాదు, గుడ్డ కాదు. గట్టిపడిన సిమెంటు. మామ కెమెరాను కొంచెం తిప్పారు. ఆ గడ్డలో ఒక టైలు ముక్క ఇరుక్కుని ఉంది. దాని మీద ఆకుపచ్చ పువ్వు.

కెమెరా ఎక్కడుందో పైనుంచి కనిపెట్టే చిన్న యంత్రం కూడా ఆయన దగ్గర ఉండేది. అది పట్టుకుని నడుస్తూ వచ్చి వంటింటి ముందు వరండాలో ఆగారు. అది కుయ్ కుయ్ మని మోగింది. ఆయన కాళ్ల కింద ఉన్నవి ఆకుపచ్చ పువ్వుల టైల్సే.

అంతకు కొన్ని నెలల ముందు మా పెద్దబ్బాయి పెళ్లికి ఆ టైల్స్ వేయించింది నేను. అక్కడి చాంబర్ మూత ఫొటోల్లో బాగుండదని దాని మీద కూడా టైల్స్ పరిపించిందీ నేనే. చుట్టాలు వచ్చే వేళకు గల్లీ గలీజు కాకూడదని, సిమెంటు బకెట్లు పెరట్లో మోరీ దగ్గరే కడుక్కోమని మేస్త్రీకి చెప్పిందీ నేనే. ఆ కడిగిన సిమెంటంతా లోపల గడ్డకట్టింది. వెనక బాత్రూం పల్లంలో ఉంది కాబట్టి నీళ్లు ముందు అక్కడే తన్నాయి.

మామ టైల్స్ వైపు చూశారు. నా వైపు చూశారు. "కోడలా, చాయ్ పెట్టు. నాకు, నీకు, గా బిడ్డకు" అన్నారు.

మూడు కప్పులు తెచ్చాను. ఆ అమ్మాయికి కప్పు ఇచ్చి, "గలతీ మేరా హై బిడ్డా. తప్పు నాదే. మీరు యాడికి పోవద్దు" అన్నాను. నా హిందీకి మామూలుగా ఆమె పడీ పడీ నవ్వేది. ఆ రోజు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మామ మాత్రం మమ్మల్ని చూడనట్టే చాయ్ జుర్రుకుని, "శక్కర తక్కువైంది కోడలా" అన్నారు.

రెండు రోజుల్లో టైల్స్ తీయించి, ఎవరినీ దింపకుండా పైనుంచే కడ్డీలతో ఆ గడ్డను పగలగొట్టించారు. చాంబర్ మీది ఒక టైలును మాత్రం సిమెంటు పెట్టకుండా వదలమన్నారు. చివర్లో ఎప్పటిలాగే తానే ఒక బకెట్ నీళ్లు పోసి, వంగి, కళ్లు మూసుకుని చెవి పెట్టారు. నీళ్లు ఎక్కడా ఆగకుండా పోతే చూపుడు వేలు పైకెత్తేవారు. ఇల్లు బాగుందని ఆయన ఇచ్చే సర్టిఫికెట్ అది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మా గల్లీలో ఆ సాయంత్రానికే నా చెవిన పడేది.

ఇంద్రేశం వైపు అన్ని కొత్త ఇళ్లు లేస్తున్నాయి, అటు వెళ్లరా మామా అని అడిగితే, "అవి పాతవడనియ్యి, ఇర్వై ఏండ్లయినంక పోత" అనేవారు. ఆయన అటు వెళ్తారనే నేను నమ్మాను.

బుధవారం డప్పులతో మామను తీసుకువెళ్లారు. ఆడవాళ్లం గల్లీ మలుపు దాకా నడిచి ఆగిపోయాం. ఇంటికి వచ్చేసరికి ఒడిశా అమ్మాయి మా వాకిలి కడుగుతోంది. కడగడం అయ్యాక పిల్లవాణ్ని నా చేతికిచ్చి, ఇంకో బకెట్ నింపుకుని వరండాలోకి వెళ్లింది. వదిలిపెట్టిన ఆ ఒక్క టైలు తీసి, మూత ఎత్తి, నీళ్లు పోసింది. డప్పుల చప్పుడు అప్పటికే దూరమైంది. ఆమె వంగి, కళ్లు మూసుకుని చెవి పెట్టింది. కాసేపటికి ఆమె కళ్లు తెరవకుండానే చూపుడు వేలు పైకెత్తింది.