నాలుగో కంప్యూటర్లో బంగారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ చేతికొచ్చి మీసం ఇంకా సరిగ్గా రాని వయసులో అందరికీ అంతే కాబోలు. తర్వాత ఏటేటా నాకు తెలిసినవి తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు మా పిల్లలు నా ఫోన్ లాక్కుని నాకే పాఠాలు చెబుతున్నారు. అప్పట్లో మాత్రం వనపర్తిలో మా పెద్దమ్మ ఇంటి ముందు గదిలో, పాత కంప్యూటర్లను విప్పి మధ్యలో కూర్చుంటే, పెద్ద దవాఖానలో డాక్టర్ని నేనే అన్నంత గీర నాకు.

మాకు తెలిసిన సారు ఒకాయన చిన్న ప్రైవేటు బడి నడిపేవారు. గద్వాల దిక్కువారు. కన్నడ గాలి తగిలి, ఎవరేం చెప్పినా అవునా అనడానికి "హౌదా?" అనేవారు. అందుకే మాలో మేము ఆయన్ని హౌదా సారు అనుకునేవాళ్ళం (ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది!). ఆయన తన బడిలో మూలపడ్డ కంప్యూటర్లన్నీ ఆటోలో తెచ్చి నా ముందు దించి, "దసరా తెల్లారి వస్త. ఒకదాంట్ల కొట్టింది తక్కినయిట్ల కనవడాలె. కనవడ్తే మా బడిల కంప్యూటర్ సారువు నువ్వే. లేకుంటే గివన్ని పాతసామాన్లోనికి ఇచ్చేస్త" అన్నారు. ఉద్యోగం రాకపోతే హైదరాబాద్ బస్సెక్కి, మా మామ ఫోన్ కవర్ల దుకాణంలో కూర్చోవాల్సిందే. నాకోసం మామ అప్పటికే స్టూలు కూడా కొన్నాడట. ఆ స్టూలు తలచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

చచ్చినవాటి భాగాలు బతికినవాటికి పెట్టి, చాలనివి కొత్తకోట పాత సామాన్ల దుకాణాల్లో వెతికి, మొత్తానికి నాలుగు కంప్యూటర్లను లేపే స్థితికి తెచ్చాను. అన్నిటికన్నా మొండిది మెమరీ ముక్క. దాని అంచున మకిలి పడితే కంప్యూటర్ లేవదు, పీ పీ అని ఏడుస్తుంది. బడి పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో దాన్ని రుద్దుతుంటే పెద్దమ్మ చాయ్ తెచ్చి ఆగింది.

"ఏంది బిడ్డా, దినాం గా ముక్కనే రుద్దుతవ్?"

"పెద్దమ్మా, దీని అంచుకు బంగారం పూత ఉంటది. మతలబంత గా బంగారంలనే ఉన్నది. బంగారం గాడిల సక్కగ కూసుంటేనే మిషిన్ లేస్తది."

"నిజంగ బంగారమేనా?" అంటూ పెద్దమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. నేను చాలా జ్ఞానిలా నవ్వాను.

దసరా నాటికి మూడింటికి మూతలు బిగించి, నాలుగింటినీ నల్లటి తీగతో కలిపాను. నాలుగోదాని మెమరీ ముక్క రుద్ది బయట పెట్టి, మూత తెరిచే ఉంచాను. పెద్దమ్మ ఆయుధపూజ చేసి అన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టింది. సాయంత్రం నేను దోస్తులతో జమ్మి చెట్టు దగ్గరికి పోయాను. మా దిక్కు దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం. ఆ ఆకును బంగారం అంటాం. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసీ ఏమీ తట్టలేదు.

మర్నాడు సారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చారు. కంగారులో ముక్కను గాడిలోకి నొక్కి, కూర్చుందో లేదో చూడకుండా మూత పెట్టేశాను. మూడు కంప్యూటర్లు లేచాయి. ఒకదాంట్లో సారు పేరు కొడితే మిగతా రెండింట్లో కనిపించింది. "హౌదా!" అని ఆయన మురిసిపోయి, సరిగ్గా నాలుగోదాని ముందే కూర్చున్నారు. స్విచ్ వేశాను. పీ, పీ, పీ. నా కళ్ళకు మామ స్టూలు కనిపించింది.

"గిదెందుకు ఏడుస్తుంది?" అన్నారు సారు.

నాకంటే ముందు పెద్దమ్మ అందుకుంది. "అట్లెట్ల ఏడుస్తది సారూ? నేను బంగారం పెట్టిన గదా!"

"ఏం బంగారమమ్మా?"

"జమ్మి బంగారం. గాడిలనే పెట్టిన. బంగారముంటేనే లేస్తదని వీడే చెప్పిండు. అన్నిట్లకు పెట్టిన."

మూత తీసి చూస్తే, గాడిలో ముక్క కింద పచ్చటి జమ్మి ఆకులు భక్తిగా నలిగి ఉన్నాయి! సారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. ఆకులు తీసి, గాడి ఊది, ముక్క పెడితే నాలుగోది కూడా లేచింది. సారు ఆ నలిగిన ఆకుల్లో ఒకటి నా చేతిలో పెట్టి, "సోమవారం బడికి రా" అన్నారు. నేను ఆయన కాళ్ళు మొక్కాను. పెద్దమ్మ కాళ్ళు మొక్కాలని మాత్రం తోచలేదు.

ఈ మధ్య మా బడి గోదాం ఖాళీ చేస్తుంటే ఆ నాలుగింటినీ ఇంటికి తెచ్చుకున్నాను. పాతవాటిని లేపడం ఇప్పుడు నాకు సెలవుల్లో సరదా. మొదటిదాని మూత తీశాను. లోపల, వెనక సందు దగ్గర, ఎండిన జమ్మి ఆకు. రెండోదాంట్లో ఒకటి. మూడోదాంట్లో ఒకటి. మూతలు బిగించాక సందులోంచి దూర్చిందన్నమాట. పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమెకిప్పుడు జర చెవుడు, రెండుసార్లు అరవాల్సి వచ్చింది.

"మరి అవి నడిసినయా, లేదా?" అంది.

"నడిసినయి పెద్దమ్మా."

"గంతే మరి!"

ఆకుల్ని ఎక్కడివక్కడే ఉంచి స్క్రూలు బిగించాను. ఆనాటి కుర్రాడు పక్కనుంటే, తీసి పారేయక ఎందుకుంచావని అడిగేవాడు. వాడికన్నీ తెలుసు మరి.