వాడి వంతు దారి

మా ఇద్దరికీ ఒక రూలు ఉండేది. బయలుదేరేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నామో అనుకోకూడదు. రోడ్డు రెండుగా చీలిన చోట ఎటు తిరగాలో ఒకసారి నేను చెప్పాలి, తరవాతి చీలికలో వాడు చెప్పాలి. ఎందుకు అటు అని రెండోవాడు అడగకూడదు. ఈ రూలుతోనే ఇరవై ఆరేళ్ళు, ఏటా మాఘమాసంలో నాలుగైదు రోజులు, రెండు మోటారు సైకిళ్ళ మీద తిరిగాం. ఒక ఏడు శ్రీకాకుళం దాటి ఒరిస్సాలోకి పోయాం. ఇంకో ఏడు మూడు రోజులు తిరిగి తిరిగి చూసుకుంటే తణుకులో ఉన్నాం. మా గూడెం నుంచి తణుకు ముప్పావుగంట దారి. ఆ సంగతి ఇద్దరం మా మా ఇళ్ళల్లో చెప్పలేదు.

గూడెం అంటే తాడేపల్లిగూడెం, నా ఊరు. ఉల్లిపాయల మార్కెట్లో మా నాన్న పెట్టిన కొట్టు నేను నడుపుతున్నాను. వాడిది కైకలూరు ఇవతల ఒక కొల్లేటి లంక గ్రామం. తాతల నాటి నుంచి చర్చికి వెళ్ళే కుటుంబం. హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఏలూరులో డిగ్రీ చదువుతున్నప్పుడు మా స్నేహం మొదలైంది. వాడి వంతు వస్తే ఏ కాలవో చెరువో కనిపించే వైపే తిప్పేవాడు. నాకేమో మెట్ట ఇష్టం, గట్టి నేల, గాలి. కొండగాలి తగిలితేనైనా ఉల్లిపాయల కంపు పోతుందనా అని ఏడిపించేవాడు. అబద్ధం చెప్పడమెందుకు, నా దగ్గర ఆ వాసన వస్తుంది. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా, హెల్మెట్ ఎండలో పెట్టినా వదలదు. నాకు మాత్రం ముక్కుకి తెలియదు, కళ్ళూ మండవు. కొట్లో కూర్చున్న మొదటి రెండేళ్ళలోనే నా కళ్ళు మొద్దుబారిపోయాయి. తరవాత ఎందుకోగానీ, దేనికీ నీళ్ళు తిరగడం మానేశాయి.

పోయిన ఏడు వేసవిలో వాడి కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసింది. వారానికి మూడుసార్లు ఏలూరు తీసుకొచ్చి డయాలసిస్ చేయించేవారు. ఫోన్లో మాట్లాడేవాణ్ణి. వాడే నాకు ధైర్యం చెప్పేవాడు, సిగ్గుచేటు. ఒకరోజు ఒక కోరిక కోరాడు. బండి నడిపే ఓపిక లేదట. నా వెనకాల కూర్చోబెట్టుకుని ఒక్కసారి కొల్లేటి కట్ట మీద తిప్పి తీసుకురమ్మన్నాడు. ఇరవై ఆరేళ్ళలో నా వెనక కూర్చోనివాడు, ఎవరి వెనకా కూర్చోనివాడు, ఆ మాట అడిగేసరికి వాడి పరిస్థితి నాకప్పుడు తెలిసింది. సీజన్ నెత్తి మీదికొస్తోందిరా, అది కాస్త సర్దుకోనీ, ఈలోపు నీకూ నయమవుతుంది, నీ బండి మీదే వద్దువుగాని అన్నాను. సరేలే అన్నాడు. సీజనుకి ఇంకా నెల పైన ఉందని వాడికి తెలుసు. ఉల్లిపాయల వ్యాపారం గురించి నాకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు.

వానాకాలం చివర్లో పోయాడు. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు అక్కడక్కడ మునిగి ఉంది, చుట్టూ తిరిగి వెళ్ళాను. లంక గ్రామాల్లో రెండడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. సమాధుల తోటలో గొయ్యిలోకి వచ్చిన నీళ్ళు బకెట్లతో తోడిపోస్తూనే ఉన్నారు, పాస్టరు గారు ప్రార్థన చేస్తూనే ఉన్నారు. ఎప్పుడూ నీళ్ళవైపే తిప్పేవాణ్ణి చివరికి నీళ్ళలోకే దింపారు. నేను జనం వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అయిపోగానే వాడి భార్య మొహం ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా బండెక్కి వచ్చేశాను. మా ఇళ్ళల్లో అదే పద్ధతి. చావు జరిగిన ఇంటినుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు, చెప్తే అలాంటి పనికే మళ్ళీ రావాల్సి వస్తుందని. ఎవరూ నేర్పకుండానే వచ్చిన అలవాటు. అది వాళ్ళ ఇంటి అలవాటు కాదన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ తరవాత అయిదు నెలలు ఆ ఊరి వంక వెళ్ళలేదు. ముందు సీజన్ అన్నాను. తరవాత ఇన్నాళ్ళయ్యాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అన్నాను. అంతకన్నా పెద్ద కారణం ఒకటి ఉంది. అది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మాఘమాసం వచ్చింది. ఒక ఉదయం కొట్టు తాళాలు మా తమ్ముడి చేతిలో పెట్టి బయలుదేరాను. ఒక్కణ్ణేనా అని మా ఆవిడ అడిగి, అడిగినందుకు తనే నొచ్చుకుంది.

రూలు తప్పకూడదనుకున్నాను. ఒక చీలిక నాది, ఒకటి వాడిది. వాడి వంతు వచ్చినప్పుడు వాడైతే ఎటు తిప్పేవాడో ఆలోచించి అటే వెళ్ళాలి. భీమడోలు దగ్గర మొదటి చీలిక నాది, ద్వారకా తిరుమల వైపు తిప్పాను. కొండ కింద మేం ఎప్పుడూ ఆగే టీ కొట్టు ఒకటుంది. కొట్టాయన నన్ను చూస్తూనే గ్లాసులు రెండు తీశాడు.

"ఒక్కరే వచ్చేరేంటండీ? మాస్టారు గారు రాలేదాండీ?"

"వెనకాల వస్తున్నాడండీ," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన రెండో గ్లాసు అలాగే పక్కన పెట్టి రోడ్డు వంక చూస్తూ పాలు మరిగిస్తున్నాడు. నేను టీ సగం తాగి, ఏదో ఫోన్ వచ్చినట్టు లేచి వచ్చేశాను. యాభై రెండేళ్ళవాణ్ణి, టీ కొట్టాయనకి భయపడి పారిపోయాను.

అక్కడి నుంచి జంగారెడ్డిగూడెం. పామాయిలు తోటలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, బస్టాండు దగ్గర లాడ్జిలో ఒక రాత్రి. మర్నాడు అశ్వారావుపేట దాటి ఖమ్మం దాకా పోయాను. మూడో రోజంతా సత్తుపల్లి చుట్టుపక్కల పేరు తెలియని ఊళ్ళల్లో తిరిగాను. ఎవరైనా ఎక్కడికండీ అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇద్దరున్నప్పుడు ఇదే ప్రశ్నకి ఎంత నవ్వుకునేవాళ్ళమో. తెలిస్తే చెప్పమా అండీ అనేవాడు వాడు, అడిగినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. ఒక్కడే ఆ మాటంటే పిచ్చివాడనుకుంటారు. అందుకని చుట్టాలింటికి అని చెప్పడం మొదలుపెట్టాను.

ఒకచోట మామిడితోట పక్కన బండి ఆపుకుని ఇడ్లీ తింటుంటే ఒక సంగతి తట్టింది. మూడు రోజులుగా చీలికలు వంతులవారీగానే వస్తున్నాయి. కానీ నా వంతూ మెట్టకే, వాడి వంతూ మెట్టకే తిప్పుతున్నాను. ఇటు రోడ్డు బాగుందని ఒకచోట, ఎండగా ఉందని ఒకచోట, ఏదో వంక. నీళ్ళవైపు పోయే దారులన్నీ చివరికి కొల్లేటికే చేరతాయి, అందుకని. పోయినవాడి వంతులు కూడా నేనే కాజేశాను. బతికుండగా ఎగ్గొట్టింది చాలదా అని నన్ను నేను గట్టిగా తిట్టుకున్నాను. మిగిలిన ఇడ్లీ తినబుద్ధి కాలేదు.

నాలుగో రోజు చింతలపూడి మీదుగా ఏలూరు వచ్చాను. ఎడమకి తిరిగితే గూడెం, గంటలో ఇల్లు. తిన్నగా ఊరు దాటిపోతే కైకలూరు రోడ్డు. వంతు వాడిది. ఈసారి ఆలోచించడానికేమీ లేదు.

కొల్లేటి రోడ్డు మీద గాలి మారిపోతుంది. రెండువైపులా చేపల చెరువులు, వాటిలో నీళ్ళు చిలుకుతూ తిరిగే ఏరేటర్లు, ఎదురుగా నీళ్ళు కార్చుకుంటూ వచ్చే చేపల లారీలు. సంచి ముక్కుల గూడబాతులు బోలెడన్ని వాలి ఉన్నాయి. వాడుంటే బండి ఆపి లెక్కపెట్టేవాడు, నేను విసుక్కునేవాణ్ణి. ఆ రోజు ఆపాను గానీ లెక్కపెట్టలేకపోయాను.

వాడి భార్య ఆ మండలంలోనే ప్రభుత్వాసుపత్రిలో నర్సు. నేను వెళ్ళేసరికి డ్యూటీ నుంచి వచ్చి వరండాలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి లేచి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గోడవారగా వాడి బండి ఉంది, పాత దుప్పటి కప్పి. ప్రతి ఆదివారం చర్చినుంచి వచ్చాక పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతోందట, బ్యాటరీ పోకుండా. ఎవరు నడుపుతారని అడగలేదు నేను.

కాసేపటికి ఆవిడే అంది. "మీరు మళ్ళీ రారనుకున్నామండీ, అన్నయ్య గారూ. ఆ రోజు అందరూ చెప్పి వెళ్ళేరు. ఆయన మీ గురించి అంతలా చెప్పేవారు, మీరేమో మాటైనా అనకుండా వెళ్ళిపోయేరు. మావల్ల ఏం తప్పు జరిగిందోనని మా అత్తయ్య గారు ఇప్పటికీ అంటుంటారండీ."

అయిదు నెలలుగా ఆ ముసలావిడ, కొడుకుని మట్టిలో పెట్టుకున్న మనిషి, నా మర్యాద లోపాన్ని తన తప్పుగా మోస్తోంది. మా పద్ధతి గురించి చెప్పాను. ఎందుకు చెప్పకూడదో కూడా చెప్పాను. ఆవిడ వింటూ, ఆయనుంటే మీరు వెళ్ళగానే అది మీ పద్ధతని చెప్పుండేవారు నాకు అంది. నవ్వబోయి ఆగిపోయింది.

ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు. "నేనొకసారి ఏలూరు ఆసుపత్రికి వచ్చానమ్మా. వాడు మెషిన్ మీద ఉన్నాడు. మీరు లేరక్కడ. చెయ్యంతా ట్యూబులు, రక్తం బయటికొచ్చి లోపలికెళ్తోంది. వాడు నిద్రపోతున్నాడు. అయిదు నిమిషాలు నిలబడ్డానేమో. లేపే ధైర్యం లేక వెళ్ళిపోయాను. మళ్ళీ రాలేదు."

ఈ మాట ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. కట్ట మీద తిప్పమని అడిగినవాణ్ణి, కనీసం భుజం మీద చెయ్యి వేసి పలకరించకుండా వచ్చేశాను. నేను వచ్చినట్టే తెలియకుండా పోయాడు కదా అన్నదే నా బాధ, నిజం చెప్పాలంటే అదే నా ఊరట కూడా.

ఆవిడ పళ్ళెంలో బియ్యాన్ని చేత్తో ఒక పక్కకి సర్దింది. తరవాత నెమ్మదిగా చెప్పింది.

"ఆయన నిద్రపోలేదండీ. మందులు తీసుకుని నేనొచ్చేసరికి, వాడొచ్చి వెళ్ళేడు అన్నారు. చూసేరా అన్నాను. కళ్ళు మూసుకున్నా ఉల్లిపాయల వాసన తెలీదా అన్నారండీ. మరి పలకరించలేదేంటండీ అన్నాను. కళ్ళు తెరిస్తే వాడు ఏడుస్తాడు, ఏడుస్తూ గూడెం దాకా బండి నడపాలి, పోనీలే అని పడుకున్నాను అన్నారు."

నన్ను క్షమించమని అడుగుదామని వెళ్ళాను గానీ, వాడు ఆ పని నేను మంచం పక్కన నిలబడి ఉండగానే చేసేశాడు. సూదులు గుచ్చుకుని పడుకుని కూడా నా దారి గురించి ఆలోచించాడు. నేను తీరిగ్గా కొట్లో కూర్చుని కూడా వాడి గురించి ఆలోచించలేదు.

వాడి అమ్మగారు చర్చి నుంచి వచ్చారు. చెవి సరిగా వినబడదు. ఆవిడ చేతులు పట్టుకుని కాసేపు కూర్చున్నాను. సమాధుల తోటకి వెళ్ళి వచ్చాను, ఇప్పుడక్కడ నేల ఆరిపోయి, పగుళ్ళిచ్చి ఉంది. పొద్దు వాలకముందే బయలుదేరదామని హెల్మెట్ తీసుకుని మెట్లు దిగాను. పాడు అలవాటు, మళ్ళీ ఏమీ చెప్పకుండానే దిగాను. గుమ్మంలో అత్తాకోడళ్ళిద్దరూ నిలబడి చూస్తున్నారు. వాళ్ళు దేనికోసం ఆగారో అర్థమైంది.

వెనక్కి వచ్చాను. "వెళ్ళొస్తానమ్మా," అన్నాను. పెద్దావిడకి వినబడాలని ఇంకోసారి గట్టిగా అన్నాను. పోయినవాళ్ళ ఇంట్లో ఆ మాట అనడం జన్మలో అదే మొదలు.

"మంచిదండీ, రండి," అంది వాడి భార్య.

బండి స్టార్ట్ చేశాను. ఊరు దాటి కట్ట ఎక్కాను, వాడు తిప్పమన్న కట్ట అదే. రెండు మైళ్ళు పోయాక దారి రెండుగా చీలింది. వంతు నాది. ఎటు తిప్పాలో చూద్దామంటే ఎదురుగా రోడ్డు కనిపించలేదు. హెల్మెట్ అద్దం తుడిచాను, కనిపించలేదు. నీళ్ళు అద్దం మీద కాదని కాస్త ఆలస్యంగా తెలిసింది. బండి పక్కకి తీసి ఆపేశాను. వాడు చెప్పింది నిజమే, ఏడుస్తూ బండి నడపలేం.