బిగబట్టిన ఊపిరి

"ఏం చదివావమ్మా?" అని అడగని మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటే ఆమెకు చూపించాలి. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి అడిగాడు. లోపల కుర్చీలో కూర్చున్నావిడ అడిగింది. తెల్లకోటు వేసుకున్నాయన తల కూడా ఎత్తకుండా అడిగాడు. పదో తరగతి పరీక్షల ముందు నెల తప్పి, బడి మానేసి, పిల్లను కన్న మనిషి ఆ ప్రశ్నకు ఏం చెబుతుంది? "బిడ్డను కన్నానండీ, అది చాలదా?" అనే మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిసారీ మింగేసి, "పది పూర్తి కాలేదండీ" అనేది. వాళ్లు "ఓహో" అనేవాళ్లు. ఆ ఓహో వింటే ఆమెకు ఒళ్లు మండేది.

ఆమెకు కావలసింది ఒక్కటే, కాన్పులు చేసే నర్సు కావడం. చదువు లేనివాళ్ల కోసం ఆసుపత్రివాళ్లు ఒక దారి ఉంచారు. కొన్నాళ్లు పురిటి గదిలో పెద్ద సిస్టర్ వెంట ఉండి పని చూడాలి, చేయాలి. చివర్లో ఆవిడ "పనికొస్తుంది" అంటే అసలు శిక్షణలో చేర్చుకుంటారు, బడి పరీక్ష మెల్లగా రాసుకోవచ్చు. ఆవిడ కాదంటే మళ్లీ మొదటికే.

ఇంట్లో ఇంకో పెద్ద సిస్టర్ ఉంది, వాళ్లమ్మ. ఆమె పనిలోకి వెళ్తే పిల్లను చూసుకునేది ఆవిడే. మొగుడు లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్నంతసేపూ చాలా మంచివాడు, కాకపోతే ఇంట్లో ఉండడు. అందుకని అమ్మ ముందే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"ఈ ఒక్కసారే చూస్తాను. కుదిరిందా, సరే. కుదరలేదా, మళ్లీ ఆ ఊసెత్తకు. నాకేమో మోకాళ్లు వంగవు, నీ కూతురికేమో కాళ్లు నిలవవు. మా ఇద్దరికీ జత కుదరదు."

"కుదురుతుందమ్మా."

"ఆ, చూద్దాం."

అదే పురిటి గదిలో నేరుగా శిక్షణకు చేరిన అమ్మాయిలంతా నిన్నగాక మొన్న కాలేజీ గడప దాటినవాళ్లు. మొదటి వారమే ఆమెకు 'తల్లిగారు' అని పేరు పెట్టేశారు. "తల్లిగారూ, ఆ గిన్నె అందుకోండి", "తల్లిగారికి నిద్ర చాలినట్టు లేదు" అంటూ ఒకటే పరాచికాలు. నవ్వి ఊరుకునేది గానీ లోపల ఉడికిపోయేది. వాళ్లు ఎముకల పేర్లు గడగడా అప్పజెబుతుంటే ఆమెకు ఒక్కటీ తలకెక్కేది కాదు. ఒక పేరు పట్టుబడేసరికి పిల్ల వచ్చి పుస్తకం మీద కూర్చునేది. అయినా ఒక ధీమా ఉండేది. నొప్పి ఎలా ఉంటుందో వాళ్లకు పుస్తకం చెప్పింది, తనకు తన నడుమే చెప్పింది. పురిటి గదిలో పనికొచ్చేది ఏదో ఆ పెద్ద సిస్టర్‌కు తెలియకపోతుందా అనుకునేది.

పెద్ద సిస్టర్ పొట్టి మనిషి. పొగడ్త అనేది ఆవిడ నోట ఎవరూ విని ఎరగరు. ఆమెలో ఆవిడ పట్టుకున్న తప్పు మాత్రం విచిత్రమైనది.

"ఊపిరి తీసుకో," అంది ఒకరోజు, ఒక కాన్పు అయ్యాక చేతులు కడుక్కుంటూ.

"తీసుకుంటూనే ఉన్నానండీ."

"లేదు. ఆవిడకి నొప్పి వచ్చినప్పుడల్లా నీ దవడ బిగుసుకుంటోంది. ఆవిడతో పాటు నువ్వూ ముక్కుతున్నావు. కొత్తలో అందరూ చేసేదేలే. కన్నదానివి కదా, నీకు మరీ ఎక్కువ. నోటితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు."

సరేనంది. కానీ లోపల మంట. గిన్నెలు తోమినట్టు తోమి పరికరాలు కడుగుతోంది, పక్కలు మారుస్తోంది, ఎవరు పిలిచినా పరిగెడుతోంది. ఇంతమందిలో ఇంత పని చేస్తే, ఈవిడకు పట్టుకోవడానికి నా ఊపిరి దొరికిందా? చదువు లేదని మొహం మీద అనలేక ఇలా వంక పెడుతోందనుకుంది. ఆ తర్వాత కూడా పెద్ద సిస్టర్ రెండుమూడుసార్లు "ఊపిరి" అని గుర్తు చేసింది. ఆమె విననట్టే ఊరుకుంది.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం దర్జీ పని చేసే ఆవిడ నొప్పులతో వచ్చింది. తొలి కాన్పు. మనిషి బెదిరిపోయి ఉంది, భర్త బయట వరండాలో తిరుగుతున్నాడు. "నువ్వు తల దగ్గర నిలబడు, ఆవిడ కళ్లల్లోకి చూస్తూ ఉండు," అంది పెద్ద సిస్టర్. ఇదే తన పరీక్ష అని ఆమెకు తెలిసిపోయింది. దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ చేతిని నలిపేస్తూ ఆమె మొహమే చూస్తూ ముక్కింది. చాలాసేపు అంతా బాగానే సాగింది. బిడ్డ తల కనబడింది.

అప్పుడు పెద్ద సిస్టర్ గొంతు మారింది. "ఇక ముక్కకమ్మా. ఆగు. నోరు తెరిచి చిన్నచిన్నగా ఊపిరి వదులు. తల మెల్లగా రావాలి."

ఆ మాట దర్జీ ఆవిడ చెవికి ఎక్కలేదు. ఆవిడ కళ్లు ఎదురుగా ఉన్న మొహం మీదే ఉన్నాయి. ఆ మొహంలో పళ్లు బిగుసుకుని ఉన్నాయి, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, మెడ నరాలు లేచి ఉన్నాయి. తన నడుములో ఎప్పటి నొప్పో మళ్లీ లేచినట్టై ఆమె ఒళ్లు మరిచి ఊపిరి బిగబట్టింది. దర్జీ ఆవిడ అచ్చం అలాగే బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి ముక్కింది. బిడ్డ ఒక్కసారిగా వచ్చేసింది. బిడ్డ ఏడ్చింది, బాగానే ఉంది. తల్లికి మాత్రం బాగా చిరిగింది. కుట్లు వేయడానికి డాక్టరమ్మను పిలవాల్సి వచ్చింది.

పెద్ద సిస్టర్ కేకలు వేయలేదు. వేసి ఉంటే నయంగా ఉండేది. బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచి, "ఈసారికి నేను ఒప్పుకోలేను. వచ్చే జట్టుతో మళ్లీ మొదటి నుంచి చెయ్యి," అంది.

"నాకు చదువు లేదనేగా?"

"నీ చదువు సంగతి నేనెప్పుడైనా ఎత్తానా?"

ఎత్తలేదు. ఆలోచిస్తే, ఆ ఆసుపత్రి మొత్తం మీద ఆ ప్రశ్న అడగని మనిషి ఈవిడ ఒక్కతే. ఆ సంగతి ఇప్పుడు తట్టినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. చదువు లేదని గెంటేసి ఉంటే హాయిగా తిట్టుకునేది. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

వెళ్లేముందు దర్జీ ఆవిడ మంచం దగ్గరికి వెళ్లింది. ఫరవాలేదులేమ్మా అంటుందేమోనని చిన్న ఆశ. ఆవిడ బిడ్డను పక్కన వేసుకుని పైకప్పు వైపు చూస్తోంది.

"సిస్టర్ ఏం చెప్పిందో నాకు వినబళ్లేదు," అంది ఆమె వైపు తిరక్కుండానే. "నువ్వెలా చేస్తే అలా చేశాను. నీకు తెలుసనుకున్నాను."

"తప్పైపోయిందండీ."

"నేను రోజూ కుట్టే మనిషిని. ఎంత బాగా కుట్టినా చిరిగిన చోటు తెలుస్తూనే ఉంటుంది."

ఇంటికి వెళ్లే దారంతా ఆమె ఒక మాట కూడబలుక్కుంది. "చదువు లేదని తీసేశారమ్మా." ఎవరైనా నమ్మేస్తారు. అమ్మ అయితే కొంగు బిగించి ఆసుపత్రి మీదకి పోట్లాటకు వెళ్తుంది. మొగుడు ఫోన్లోనే నాలుగు తిట్టి ఊరడిస్తాడు. పరువూ దక్కుతుంది, జాలీ దొరుకుతుంది. తలుపు తీసేసరికి పిల్ల సగం జడతో ఇల్లంతా పరిగెడుతోంది, అమ్మ చేతిలో దువ్వెనతో గోడకు ఆనుకుని రొప్పుతోంది.

"ఏమైంది? మొహం అలా ఉందేం?"

మాట సిద్ధంగానే ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. దర్జీ ఆవిడ పైకప్పు వైపు చూసిన చూపు అడ్డం పడింది.

"కుదరలేదమ్మా. తప్పు నాదే. ఆవిడ ఊపిరి వదలాల్సిన టైములో నేను బిగబట్టాను. నన్ను చూసి ఆవిడా బిగబట్టింది. బాగా చిరిగి కుట్లు పడ్డాయి. ముందే చెప్పారు, నేనే వినిపించుకోలేదు." ఏడుపు ఆగలేదు. "మళ్లీ మొదటి నుంచి చెయ్యాలంట. నువ్వు ఒక్కసారే అన్నావు. నాకు గుర్తుంది."

అమ్మ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది.

"చదువు లేదన్నారని వచ్చి ఉంటే మానెయ్ అనేదాన్ని," అంది చివరికి, విసుగ్గానే. "దానికి మనమేం చేస్తాం, మన రాత అనుకునేదాన్ని. ఊపిరి తీసుకోవడం రాలేదని ఎలా మాన్పించనే? అంత చిన్న తప్పుకి ఒక మనిషి ఒళ్లు చిరిగిందంటున్నావు. అది నేర్చుకోకుండా ఇంట్లో ఎలా కూర్చుంటావ్?"

ఆమె కళ్లు తుడుచుకుని అమ్మ వైపు చూసింది. అమ్మ దువ్వెన ఆమె చేతిలో పెట్టింది.

"జడలు మాత్రం నువ్వే వేసి వెళ్లాలి. అది నా వల్ల కాదు."