గంజి పెట్టని దారం

తిరుత్తణి నేతవీధిలో దేవరాజులు పనితనం తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళెవరైనా ఉంటే ఆయనే చెప్పేవాడు. 1978లో మగ్గాన్ని భార్య రాజామణికి అప్పగించి, మద్రాసులో ఒక ఇంజనీరింగు కాలేజీలో సహాయకుడిగా చేరాడు. పొద్దున్నే రైలెక్కితే తిరువళ్ళూరు వచ్చేలోపు పక్కవాడికి విమానం ఎలా ఎగురుతుందో చెప్పడం అయిపోయేది.

ఆయన పనిచేసేది గాలి సొరంగం దగ్గర. లోపల చెక్క రెక్కను నిలువుగా నిలబెట్టి పెద్ద ఫ్యానుతో గాలి తోస్తారు. విమానం మెల్లగా దిగాలంటే రెక్క వెనక ఉండే ఫ్లాపు అనే కదిలే పలకను బాగా వంచాలి. మరీ వంచితే గాలి ఆ వంపును అంటిపెట్టుకోలేక విడిపోతుంది, ఇక రెక్క బరువు మోయదు. వంపుకు ముందు సన్నటి చీలిక పెట్టి అందులోంచి గాలి ఊదితే, విడిపోయేది మళ్ళీ అంటుకుంటుందని ప్రొఫెసర్ శివప్రకాశం మూడేళ్ళుగా నమ్ముతున్నాడు. ఆయనది ఆ రైలు దారిలోని తిరువళ్ళూరే. గాలి కంటికి కనబడదు గనుక వంపు మీద వరసలుగా దారం ముక్కలు అతికిస్తారు. గాలి అంటుకుంటే అవి వెనక్కి బుద్ధిగా పడుకుంటాయి, విడిపోతే గిలగిల్లాడతాయి.

దారం మాట వస్తే దేవరాజులు ఊరుకుంటాడా!

"బజారు దారం ఎందుకు సార్? మా ఇంట్లో లేని దారమా?" అని తన మగ్గం మీది పడుగులోంచి, అంటే నిలువు దారాల్లోంచి, కత్తిరించి తెచ్చి, మూడు వందల ముక్కలూ తనే అతికించాడు.

చీలికలోంచి గాలి ఊదకపోతే ఎలా ఉంటుందో బజారు దారంతో ముందే చూసి రాసుకున్నారు. అందుకే ఈసారి నేరుగా ఊదడం మొదలుపెట్టారు. కొద్దిగా ఊదగానే దారాలన్నీ తీర్చిదిద్దినట్టు పడుకున్నాయి! శివప్రకాశం కళ్ళు చెమర్చాయి. "నీ చెయ్యి మంచిదయ్యా దేవరాజులూ!" అని భుజం తట్టి, రిపోర్టు టైపు చేయించడానికి వెళ్ళాడు.

ఫ్యాను ఆపి, రెక్క తుడవడానికి దేవరాజులు లోపలికి దూరాడు. గాలి లేనప్పుడు దారాలు కిందికి వేలాడాలి. ఒక్కటీ వేలాడలేదు. అన్నీ వెనక్కే చూస్తున్నాయి. ఒకదాన్ని వేలితో వంచితే పుల్లలా మళ్ళీ లేచింది.

గంజి! సెలవునాడు ఇంట్లో పడుగుకు గంజి పెట్టిందీ తనే, మరిచిపోయిందీ తనే. సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ లెక్క నమ్మి రేపు ఎవరో నిజం రెక్క చేస్తే, అందులో మనుషులు కూర్చుంటారు కదా!

పరుగున వెళ్ళాడు. "సార్, ఆ కాగితం ఆపండి. దారాల్ని నిలబెట్టింది గాలి కాదు, నేను పెట్టిన గంజి. తప్పు నాది."

శివప్రకాశం ముఖం వాడిపోయింది. "ఇప్పుడెట్ల?"

"రేపు అడ్డంగా నేసే పేక దారం తెస్తా సార్. దానికి మేం గంజి పెట్టం."

మర్నాడు కొద్దిగా ఊదితే మెత్తటి దారాలన్నీ గిలగిల్లాడాయి. నిన్నటి ఫలితం అబద్ధమని తేలిపోయింది. ప్రొఫెసర్ ఊదుడు పెంచాడు. ముందు వరస పడుకుంది. ఇంకా పెంచాడు. రెండో వరస, మూడో వరస... చివరి వరస దాకా.

శివప్రకాశం కలం తీసి, సొరంగానికున్న అద్దాల కిటికీ ముందు నుంచి తను పక్కకు తప్పుకున్నాడు. "నువ్వే చూసి చెప్పు దేవరాజులూ. నువ్వు చెప్పిందే రాస్తా."

దేవరాజులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "రెండు వందల తొంభై ఆరు పడుకోనుండాయి సార్. నాలుగు ఇంకా ఆడతా ఉండాయి."

శివప్రకాశం ఆ నాలుగింటినీ కూడా రాసుకున్నాడు.