అమ్మ ఊపిరికి ఎన్నేళ్లు

మా అరకు కొండల్లో మనవడు పుట్టాడంటే ఆడమనిషి ముసలిదైనట్టే. ఏళ్లెన్నని ఎవరూ లెక్కపెట్టరు. మా అన్నకు కొడుకు పుట్టగానే అమ్మ కూడా ముసలివాళ్లలో చేరిపోయింది. కొన్నాళ్లకు ఆయాసం మొదలైంది. కాఫీ తోటకు ఎక్కే దారిలో కూలబడసాగింది. చివరికి పళ్లు కోసే బుట్టను వదిన చేతికిచ్చి, "ముసిల్దాన్నయిపోనాను, ఇంకేటి సేత్తాను" అంది. తన చేత్తో అల్లుకున్న బుట్ట అది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. నేను ఆశ్రమ పాఠశాలలో టీచరుని. పోరగా పోరగా అమ్మ పట్నం ఆసుపత్రికి వచ్చింది. నేను చీటీ రాయించుకుని వచ్చేసరికి ఊపిరి పరీక్ష చేసే అమ్మాయి ఎత్తు కొలిచి, వయసు అడిగి, గొట్టం చేతికిచ్చేసింది. పొయ్యి ఊదీ ఊదీ ఆరితేరిన మనిషాయె, అమ్మ మొదటిసారే బ్రహ్మాండంగా ఊదింది. ఇంత చక్కగా ఊదేవాళ్లు తక్కువని ఆ అమ్మాయి మెచ్చుకుంటే అమ్మ నావైపు గర్వంగా చూసింది.

డాక్టరు కాగితం చూసి, ఈ వయసుకి ఊపిరి బాగానే ఉందన్నాడు. నేను చెప్పలేదా అన్నట్టు అమ్మ లేచింది. నాకు ఒళ్లు మండింది. బాగుంటే దారిలో ఎందుకు కూలబడుతుంది? మళ్లీ ఆ అమ్మాయి దగ్గరకే వెళ్లి, కాగితంలో 'ఉండాల్సినది' అంటే ఏమిటో చెప్పమని కొంచెం గట్టిగానే అడిగాను. పాపం, ఓపిగ్గా చెప్పింది. ఇదే ఎత్తు, ఇదే వయసు ఉన్న ఆరోగ్యవంతురాలైన ఆడమనిషి ఎంత ఊదగలదో మిషను అంచనా వేస్తుందట. వయసు పెరిగేకొద్దీ ఆ అంచనా తగ్గుతుందట. దాని పక్కన పెట్టి మన ఊపిరిని చూస్తారట.

"డెబ్బై ఏళ్లకి ఇది మంచిదేనండీ" అంది.

డెబ్బయ్యా! మా అన్నే అమ్మకు తొలిచూలు. వాడికింకా ముప్పై ఐదు నిండలేదు. ఇరవై దాటకుండానే అమ్మ వాణ్ని కన్నది. ఎలా లెక్కేసినా యాభై నాలుగైదుకి మించదు.

ఆ అమ్మాయి నవ్వలేదు. వయసు మార్చింది. అమ్మ ఊదిన ఊపిరి అదే, కాని ఉండాల్సినదాంట్లో మూడింట రెండు వంతులకు పడిపోయింది. మందు పీల్పించి మళ్లీ ఊదిస్తే కాస్త పెరిగింది. ఈసారి డాక్టరు కుదురుగా కూర్చుని పొయ్యి గురించి అడిగాడు. ఇన్నేళ్ల పొగకు ఊపిరి గొట్టాలు ఇరుకయ్యాయని, పూర్తిగా పోకపోయినా మందుతో తేలికపడుతుందని చెప్పాడు.

బస్సు ఘాట్ రోడ్డు సగం ఎక్కాక అమ్మ నావైపు తిరిగింది.

"అయితే ఇది ముసిల్తనం కాదేటి, గుంటా?"

"కాదమ్మా. జబ్బు."

జబ్బన్న మాటకు అంత తేటపడిన మొహాన్ని నేను మళ్లీ చూడలేదు. ఊళ్లో దిగి, మందు సంచి నా చేతిలో పెట్టి, తిన్నగా వదిన దగ్గరకు నడిచింది.

"నా బుట్ట నాకిచ్చీవే."