జవాబుకు దారి

ఏలూరులో తివాచీలు నేసే ఇమాం సాహెబ్ కూతురు షాయిస్తా. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, పుస్తకాలు చదివి సొంతంగా నెట్‌వర్కుల పని నేర్చుకుంది. 2005లో ఆకివీడులోని ఒక ఆసుపత్రి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. పాత భవనంలో ఉన్న లినక్స్ సర్వర్ నుంచి, కొత్త భవనంలోని విండోస్ కంప్యూటర్లకు రక్తపరీక్షల రిపోర్టులు రావడం లేదు. రెండు భవనాల నెట్‌వర్కులు వేరు. మధ్యలో, ఒకదాని నుంచి ఇంకోదానికి సమాచారం చేరవేసే రూటర్ ఉంది.

"సర్వరే మార్చాలన్నారండీ ఇదివరకు వచ్చినవాళ్లు," అన్నాడు మేనేజరు వరదానం.

"అప్పుడే ఏమీ కొనకండి. నన్ను చూడనివ్వండి."

కొత్త భవనంలోని కంప్యూటర్ నుంచి సర్వర్‌కు వరుసగా పింగ్‌లు, అంటే 'ఉన్నావా?' అని అడిగే చిన్న సందేశాలు, పంపింది. జవాబు రాలేదు. పాత భవనానికి వెళ్లి చూస్తే, ఆ పింగ్‌లన్నీ సర్వర్‌కు చేరుతూనే ఉన్నాయి.

"మనం అడిగేది దీనికి అందుతోందండీ. జవాబు ఎటు పంపాలో తెలియడం లేదు. కొత్త భవనం దారి దీనికి ఎవరూ చెప్పలేదు."

కొత్త భవనానికి వెళ్లాల్సినవన్నీ రూటర్‌కు ఇవ్వమని, సర్వర్ ఆన్ అయినప్పుడల్లా చదువుకునే ఫైలులో ఒక్క లైను రాసి, అప్పటికప్పుడు అమలయ్యేలా చేసింది. కాసేపటికి కొత్త భవనం నుంచి నర్సు మెర్సీ ఫోన్ చేసింది. రిపోర్టులు కనబడుతున్నాయట.

"ఇప్పుడు సర్వర్ ఆపి, మళ్లీ ఆన్ చేయండి," అంది షాయిస్తా.

"మళ్లీ పోతుందేమోనండీ," అని జంకాడు వరదానం.

"పోదండీ. నేనుండగానే చూసుకోండి."

అతను ఆపి, ఆన్ చేశాడు. షాయిస్తా కుర్చీలోంచి లేవకుండా మెర్సీకి తనే ఫోన్ కలిపింది. రిపోర్టులు వస్తూనే ఉన్నాయి.